బల్ల కొలిచే మొహిద్దీన్

ఏలూరు తంగెళ్ళమూడిలో షేక్ మొహిద్దీన్ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేకపోయేవారు. ఆ పేరుగలవాళ్ళు వీధికి నలుగురు. బల్ల కొలిచే మొహిద్దీన్ అంటే మాత్రం గుమ్మం దాకా తీసుకెళ్ళి దిగబెట్టేవారు. చలిజ్వరం మళ్ళీ మళ్ళీ తిరగబెట్టిన పిల్లలకి ఎడమ డొక్క కింద గట్టిగా చేతికి తగులుతుంది చూడండి, దాన్ని మనవైపు బల్ల అంటారు. డాక్టర్లు దానికి ప్లీహమని పేరు పెట్టుకున్నారు. అది ఎంత పెరిగిందో వేళ్ళతో తడిమి చెప్పడం అతని ఉద్యోగం. అలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని అతని తండ్రి కలలో కూడా అనుకుని ఉండడు.

తండ్రిది తివాచీల మగ్గం. తివాచీ పనితనం చూడాలంటే ముందువైపు పువ్వులు చూస్తే చాలదు, వెనక్కి తిప్పి ముడుల మీద వేలు పోనివ్వాలి. పదేళ్ళప్పటి నుంచే మొహిద్దీన్ కళ్ళు మూసుకుని వేలు రాసి, జానెడు మేరలో ఎక్కడ ముడి వదులైందో, ఎక్కడ ఒకటి తప్పిందో చెప్పేసేవాడు. ఆ వేళ్ళు చూసి ఈ పిల్లాడు మగ్గం నిలబెడతాడని ముసలివాళ్ళు మురిసిపోయారు. మగ్గం నిలబడలేదు. సీమదొరల బేరాలు పడిపోయి, ఊళ్ళో మగ్గాలు ఒకటొకటే ఆగిపోయాయి. పంతొమ్మిది వందల ముప్ఫై రెండు వచ్చేసరికి వాళ్ళింట్లో మగ్గం మీద కోళ్ళు కునుకు తీస్తున్నాయి.

సరిగ్గా అప్పుడే కొల్లేటి ఊళ్ళు తిరిగే జ్వరాల సర్వే పార్టీకి పెట్టె మోసే మనిషి కావలసి వచ్చింది. డాక్టరు పాండురంగారావు, ఒక గుమాస్తా, పడవ నడిపే అబ్రహాం, పెట్టె మోయడానికి మొహిద్దీన్. అంతే పార్టీ. మొదటి నెలలోనే గుండుగొలను దగ్గర ఒక ఊళ్ళో డాక్టరు గారు ఒక పిల్లాడి పొట్ట తడిమి రెండు వేళ్ళు అన్నారు. పిల్లాడు కదలకుండా పట్టుకుని కూర్చున్న మొహిద్దీన్ చెయ్యి కూడా అక్కడే ఆనింది.

“ఇంకో అరవేలు కిందికుందండి” అన్నాడు ఊరుకోలేక.

డాక్టరు గారు చురచుర చూశారు. మళ్ళీ తడిమారు. ఆయన మంచివాడు, పైగా నిజాయితీపరుడు. మర్నాటి నుంచి తడమడం మొహిద్దీన్‌కి అప్పజెప్పి, పదిమందిలో ఒకరిని తాను సరిచూసుకునేవారు. ఏడాది తిరిగేసరికి అదీ మానేశారు, ఎందుకంటే ఎప్పుడు చూసినా మొహిద్దీన్ చెప్పిందే సరి అయ్యేది.

ఆ సర్వే సంగతి కాస్త చెప్పాలి. సర్కారుకి లెక్కంటే మహా ప్రీతి. జ్వరంతో వణుకుతున్నవాడికి దుప్పటి కప్పేముందు వాడు ఎన్నోవాడో రాసుకోవాలి. ఊళ్ళో పన్నెండేళ్ళ లోపు పిల్లలందరినీ వరసలో నిలబెట్టి పొట్టలు కొలవాలి. పదిహేను రోజులు పోయాక మళ్ళీ వచ్చి అవే పొట్టలు మళ్ళీ కొలవాలి. రెండుసార్లూ సగానికి పైగా పిల్లలకి బల్ల తేలితే, ఆ ఊరు దోమల జ్వరం ముదిరిన ఊరని జాబితాకి ఎక్కుతుంది. జాబితాకి ఎక్కిన ఊరికి ఏడాది పొడుగునా క్వినైను వస్తుంది, గుంటలూ బోదెలూ పూడ్చడానికి మనుషులు వస్తారు. సర్వే పార్టీ దగ్గర మాత్రం ఒక్క మాత్ర ఉండదు. మందిచ్చే పార్టీ వేరు, అది ఇంకా పుట్టలేదు. “మీరు వచ్చారు, చూశారు, మరి మందేదండీ?” అని తల్లులు అడిగితే, “ముందు లెక్క తేలాలమ్మా” అని చెప్పడం కూడా మొహిద్దీన్ పనుల్లో ఒకటైపోయింది. ఆ మాట చెప్పిన ప్రతిసారీ అతనికి నాలిక మీద మన్ను పోసుకున్నట్టు ఉండేది.

రెండోసారి కొలిచేటప్పుడు ఒక చిక్కు వచ్చేది. మొదటిసారి బల్ల అంచు ఎక్కడుందో సిరాతో గీత గీస్తే, ఆ గీతకి కిందికి దిగిందా పైకి పోయిందా అని రెండోసారి చూడాలి. కొల్లేటి పిల్లలు రోజల్లా నీళ్ళలోనే ఉంటారు. సిరా గీత మూడోనాటికి పోయేది. డాక్టరు గారు విసుక్కునేవారు, పైవాళ్ళు ఆయన్ని విసుక్కునేవారు.

ఒక పండగనాడు మొహిద్దీన్ భార్య మరియంబీ ఇంట్లో గోరింటాకు నూరి పిల్లల చేతులకి పెడుతోంది. మొహిద్దీన్ ఆ చేతులవైపే చూస్తూ కూర్చున్నాడు. “ఇది ఎన్నాళ్ళుంటుందే?” అని అడిగాడు. “రెండు వారాలు నీళ్ళలో నాన్చినా పోదండీ” అంది ఆవిడ. అంతే. ఆ తరవాతి ప్రయాణానికి పెట్టెలో సిరాబుడ్డి పక్కన గోరింటాకు పొడి డబ్బా చేరింది. డాక్టరు గారు భుజం తట్టారు. ఆ పూటంతా మొహిద్దీన్ కాళ్ళు నేలమీద ఆనలేదు. అతని జీవితంలో అతను సొంతంగా కనిపెట్టింది అదొక్కటే, అందుకని ఆ మురిపాన్ని మనం తప్పుపట్టకూడదు.

ముప్ఫై నాలుగు కార్తీకమాసంలో పార్టీ పైడిలంక చేరింది. కొల్లేరు అంచున ఎనభై గడప ఉన్న ఊరు. వరి పొలాలు ఒకవైపు, రెల్లూ తుంగా ఒకవైపు. వానలు వెనకబట్టి చాలా రోజులైనా గుంటల్లో నీళ్ళు ఇంకలేదు, దోమలు పట్టపగలే చెవిలో మోగుతున్నాయి. మునసబు జోగారావు గారి అరుగు మీద పిల్లల్ని వరసగా వెల్లకిలా పడుకోబెట్టి, బల్ల తేలినవాళ్ళ పొట్టల మీద గోరింటాకు గీతలు పెట్టి, అది పండేదాకా కదలొద్దన్నారు. అరవై ముగ్గురు పిల్లలు పొట్టలు బయటపెట్టుకుని, కిచకిచా నవ్వుకుంటూ, ఒకడి గీత ఒకడు తొంగి చూసుకుంటూ పడుకున్నారు. సిరా అంటే బెదిరిపోయే తల్లులు గోరింటాకు అనేసరికి సంతోషపడ్డారు. చల్లటి వస్తువు, శుభమైన వస్తువు. అరవై ముగ్గురిలో యాభై ఎనిమిదిమందికి బల్ల తేలింది.

అందరిలోకీ పెద్ద బల్ల సత్యవేణిది. ఆరేళ్ళ పిల్ల. చేతులూ కాళ్ళూ పుల్లలు, పొట్ట మాత్రం కుండ. నాలుగు వేళ్ళ బల్ల. తల్లి సుందరమ్మ చంకలో ఏడాది మగపిల్లాణ్ణి ఎత్తుకుని, కూతురు తల దగ్గర కూర్చుంది.

“ఏవండీ సాయిబు గారూ, తగ్గేదేనాండీ ఇది?” అని అడిగింది.

“కొయినా మాత్ర పడితే తగ్గుతుందమ్మా. ఇంకో పదిహేను రోజుల్లో మళ్ళీ వస్తాం. ఈ కొలతలు పైకెళ్ళాయంటే మందొచ్చేస్తుంది. అప్పటిదాకా జాగ్రత్తగా చూసుకోండి.”

సుందరమ్మ అత్తగారు వెంకటనరసమ్మ దగ్గరికొచ్చి వంగి చూసింది. డెబ్భై ఏళ్ళ మనిషి, నెమ్మదైన మాట. గీత మీద వేలు పెట్టబోయి, చెరిగిపోతుందేమోనని వెనక్కి తీసుకుంది.

“ఇదేనా నాయనా అంచు? సరిగ్గా ఇక్కడేనా?”

“సరిగ్గా ఇక్కడే మామ్మగారూ. వెంట్రుకవాసి తేడా ఉండదు.”

“లోపల ఉన్నది పైనుంచి ఎలా తెలుస్తుంది నాయనా నీకు?”

“వేళ్ళకి తెలుస్తుందండి” అన్నాడు మొహిద్దీన్. అనేటప్పుడు కాస్త గర్వంగానే అన్నాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని, వేళ్ళు తిప్పి తిప్పి చూసి, కళ్ళకద్దుకుంది. పెద్దావిడ ఆదరం చూసి అతని కడుపు నిండిపోయింది. ఆవిడ తక్కిన పిల్లల దగ్గరికి కూడా వెళ్ళి, ఒక్కొక్క గీతా వంగి వంగి చూసుకుంది. అదెందుకో అతను అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ రాయవలసిన పని ఉండేది కాదు.

ఆ ఊళ్ళో బల్లకి వాత పెట్టేది వెంకటనరసమ్మే. సన్నటి ఇనప ఊచ ఎర్రగా కాల్చి, సరిగ్గా బల్ల అంచు మీద పెడితే అది కరిగిపోతుందని ఆ లంకల్లో తాతల నాటి నమ్మకం. అంచు తప్పితే ఫలితం ఉండదు. అంచేమో పైకి కనపడదు. ఆవిడ నలభై ఏళ్ళుగా తడుముకుంటూ, దేవుడిమీద భారం వేసి పెడుతూనే ఉంది. సొంత పిల్లలు ఇద్దరు పోయారు. ఊళ్ళో పిల్లలు ఎంతమంది పోయారో లెక్కలేదు. ప్రతి పిల్లా పోయినప్పుడు, నా చెయ్యి అంచు తప్పింది కాబోలు అని ఆవిడ రోజుల తరబడి అన్నం మానేసేది. ఆ మనిషికి క్రూరత్వమంటే ఏమిటో తెలియదు. అలాంటి మనిషి ఎదుట, ఏలూరు నుంచి సర్కారు పంపిన వేళ్ళవాడొకడు వచ్చి, యాభై ఎనిమిది పొట్టల మీద అంచు ఎక్కడో ఎర్రగా గీసి, పదిహేను రోజులు చెరగకుండా పెట్టి వెళ్ళిపోయాడు.

మొహిద్దీన్ ఆ ఊళ్ళలో పిల్లల పొట్టల మీద వాతల మచ్చలు చూడకపోలేదు. రోజూ చూసేవాడు. మచ్చ మీద నుంచే వేలు పోనిచ్చి కొలిచేవాడు. కాని అతనికి చెప్పిన పని బల్ల కొలవడం. మచ్చలకి కాగితంలో గడి లేదు.

పదిహేనో రోజున పడవ దిగేసరికి తల్లులు ఎదురొచ్చారు. పిల్లలు ఎదురు రాలేదు. అరుగు మీద గుమాస్తా కాగితాలు పరిచాడు. మొదటి తల్లి తన కొడుకు చొక్కా ఎత్తి చూపించింది. గోరింటాకు గీత ఉన్నచోట, ఆ గీత పొడుగునా, ఒకదాని పక్కన ఒకటిగా ఏడు వాతలు. కొన్ని పొక్కులు చితికి ఉన్నాయి. పిల్లాడు మొహిద్దీన్ చెయ్యి చూసి గుక్కపట్టి ఏడ్చాడు.

“మీరు గీసినచోటే పెట్టించామండీ” అంది ఆ తల్లి, చెప్పినపని చేసిన మనిషి మొహంతో.

మొహిద్దీన్ తరవాతి పిల్లని పిలిచాడు. రెండో పిల్లా అంతే. మూడో పిల్లాడూ అంతే. యాభై ఎనిమిది పొట్టల మీదా గీత వెంటే నడిచింది ఊచ. చెయ్యి వేస్తే చాలు పిల్లలు గిలగిలా కొట్టుకుంటున్నారు. గట్టిబడిన పొట్టలో బల్ల ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది? డాక్టరు గారు గుమాస్తాని రాయడం ఆపమన్నారు.

“మొహిద్దీన్, ఏం చేశావయ్యా నువ్వు?” అన్నారు. తిట్టినా బాగుండును. ఆయన తిట్టలేదు.

వెంకటనరసమ్మ తల్లుల మధ్య నుంచి వచ్చి, అతని ఎదట చేతులు జోడించింది. “అంచు తప్పలేదు నాయనా. నీ చలవ. కాని మా బంగారుతల్లికే ఎందుకో జ్వరం దిగలేదు. వచ్చి చూడు.”

వాళ్ళింట్లో సత్యవేణి చాప మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. వాతలు చీము పట్టాయి. ఒళ్ళు కాలిపోతోంది, పళ్ళు కొట్టుకుంటున్నాయి. డాక్టరు గారు పుళ్ళు కడిగి కట్టు కట్టారు. తను వేసుకోవడానికి తెచ్చుకున్న క్వినైను సీసా జేబులోంచి తీసి సుందరమ్మ చేతిలో పెట్టారు. సీసాలో సగమే ఉంది. మొహిద్దీన్ చాప పక్కన కూర్చుని పిల్ల అరికాళ్ళు రాస్తూ ఉండిపోయాడు. అతను లేచేటప్పుడు సుందరమ్మ, “మీరు వచ్చేదాకా ఆగుదామనే అన్నానండీ” అంది. ఆ మాట అతన్ని బతికినంతకాలం వదల్లేదు.

నాలుగోనాటికి పిల్ల పోయింది. చేపలు తెచ్చే పడవవాళ్ళ నుంచి అబ్రహాం విని, ఏలూరు వచ్చి చెప్పాడు. జ్వరమే చంపిందో, వాత పుండే చంపిందో చెప్పగలవాడు ఎవడూ లేడు. మునసబు జోగారావు గారు చావుల రిజిస్టరులో జ్వరం అని రాశారు. ఆ రిజిస్టరులో ఎవరు పోయినా జ్వరమే.

పైడిలంక కాగితంలో రెండో కొలత గడి ఖాళీగా వెళ్ళింది. రెండు కొలతలు లేని ఊళ్ళు జాబితాలోకి రావని పైనుంచి ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. డాక్టరు గారు మళ్ళీ రాశారు. మళ్ళీ అదే వాక్యం వచ్చింది, ఈసారి టైపు కొట్టి. పక్క ఊళ్ళకి క్వినైను డబ్బాలు వెళ్ళాయి. అవి పైడిలంక రేవు ముందు నుంచే పడవలో వెళ్ళాయి.

ఆ ఏడాది మొహిద్దీన్ మనిషి మనిషిగా లేడు. పోస్టాఫీసులో అమ్మే క్వినైను పొట్లాలు దొరికినన్ని పోగుచేసి, ఒకసారి సెలవు పెట్టి పైడిలంక తీసుకెళ్ళాడు. అరవైమంది పిల్లలకి అవి రెండు రోజులు కూడా రాలేదు. సగంమంది చేదుకి ఉమ్మేశారు. ఇంటికొచ్చి చెయ్యి కడుక్కున్నాడు, మళ్ళీ కడుక్కున్నాడు. పండగకి మరియంబీ గోరింటాకు రుబ్బడానికి కూర్చుంటే, వద్దన్నాడు.

“మీరు పెట్టింది ఆకే కదండీ. నిప్పు పెట్టింది వేరేవాళ్ళు” అంది ఆవిడ.

“ఎక్కడ పెట్టాలో చెప్పింది నేను” అన్నాడు అతను.

డాక్టరు గారు ఎవరెవరి కాళ్ళు పట్టుకున్నారో తెలియదు, ముప్ఫై అయిదు కార్తీకానికి పైడిలంకలో మళ్ళీ కొలవడానికి అనుమతి సంపాదించారు. ఒక్క కొలత చాలన్నారు. గీతలు గీయరాదన్నారు. సగం మందికి బల్ల ఉన్నట్టు తేలితే వచ్చే వానాకాలానికి క్వినైను ఖాయం. మొహిద్దీన్ ఆ మాట విని, ఏడాదిలో మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాడు. ఈసారి ఈ చేతులతోటే ఆ ఊరిని జాబితాకి ఎక్కించాలి, ఎక్కించి తీరాలి అనుకున్నాడు.

పైడిలంక రేవులో పడవ ఆగేసరికి డాక్టరు గారికే చలిజ్వరం కమ్ముకొచ్చింది. మూడు దుప్పట్లు కప్పినా వణుకు ఆగడం లేదు. “నువ్వూ గుమాస్తా కానిచ్చేయండి. నువ్వు చెప్పిన లెక్కకి తిరుగులేదు” అని, పడవలోనే ముడుచుకు పడుకున్నారు.

అరుగుకి ఒక చివర మొహిద్దీన్, రెండో చివర మేజా వేసుకుని గుమాస్తా. మధ్యలో పిల్లల గోల. మొహిద్దీన్ కొలిచి గట్టిగా అరిచి చెబితే గుమాస్తా రాసుకోవాలి. ఎన్నాళ్ళుగానో జరుగుతున్న పద్ధతి అది. స్తంభానికి ఆనుకుని వెంకటనరసమ్మ కూర్చుని ఉంది. ఏడాదిలో పదేళ్ళు మీద పడ్డాయి ఆవిడకి. మనవరాలు పోయిన నాడే ఊచని కొల్లేట్లో పారేసిందని మునసబు గారు చెప్పారు. అప్పట్నుంచి ఎవరి పిల్లనీ ముట్టుకోలేదట.

మొదటగా వచ్చింది సుందరమ్మే. చంకలోని పిల్లాడికి రెండేళ్ళు నిండాయి. అక్క పొట్టలాంటి పొట్టే. వాణ్ణి పడుకోబెట్టే మిషతో ఆమె అతని చెవి దగ్గరికి వంగింది.

“సాయిబు గారూ, వీడికి లేదని చెప్పండి. మీ కాళ్ళకి దణ్ణం పెడతాను.”

“అలా చెప్పకూడదమ్మా. ఉందంటేనే మందొచ్చేది.”

“మందు పోయినసారీ వస్తుందన్నారండీ. రాలేదు. మా అత్తగారు మానేశాననే అంటున్నారు, కాని మీ నోట ఉందని వింటే ఊరుకోరు. మీ వేళ్ళ కొలతంతా నేర్చేసుకున్నారు ఆవిడ. డొక్క నుంచి ఎన్ని వేళ్ళో మీరు అరిస్తే చాలు, ఎక్కడ పెట్టాలో ఆవిడకి తెలిసిపోతుంది. నాకు మిగిలింది వీడొక్కడేనండీ.”

మొహిద్దీన్ వేళ్ళు పిల్లాడి పొట్ట మీద ఆనాయి. మూడు వేళ్ళు. సందేహం లేదు. చేతికి చెక్కలా తగులుతోంది. తలెత్తి చూస్తే స్తంభం దగ్గర వెంకటనరసమ్మ మెడ చాచి, అతని పెదవుల వైపే చూస్తోంది. మూడు అంటే ఈ పిల్లాడి గతి ఏమవుతుందో తెలియదు. లేదు అంటే ఊరికి మందు తెచ్చే లెక్కలో ఒకటి తగ్గుతుంది. ఒక్క పిల్లాడి విషయంలో అబద్ధమాడితే మిగతా లెక్క చెడదులే అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు.

“లేదు” అని అరిచాడు.

గుమాస్తా సున్నా చుట్టాడు. సుందరమ్మ పిల్లాణ్ణి గుండెకి హత్తుకుని పక్కకి తప్పుకుంది. తప్పుకుని, వెనకనున్న తల్లికి ఏదో చెప్పింది. ఆ తల్లి తన వెనక తల్లికి చెప్పింది. వరస పొడుగునా గుసగుస పాకడం మొహిద్దీన్ చూస్తూనే ఉన్నాడు. రెండో పిల్లాడి పొట్ట మీద నిరుటి ఏడు మచ్చలూ నల్లగా మెరుస్తున్నాయి. ఆ తల్లి అతని కళ్ళల్లోకి చూసింది. పిల్లాడు అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, “కాల్చొద్దండి” అన్నాడు.

ఏం చేయగలడు ఆ మనిషి? నేనైతే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు. మీరైనా చెప్పలేరు. కొందరికి రెండు వేళ్ళు, కొందరికి మూడు, ఒక పిల్లకి బొడ్డు దాటి ఉంది. ప్రతి పొట్ట దగ్గరా ఇక చాలు, ఇక్కడి నుంచి నిజం చెబుతాను అనుకున్నాడు. ప్రతి పొట్ట దగ్గరా లేదు అని అరిచాడు. చివరికొచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. యాభై ఏడుగురు పిల్లలు. యాభై ఏడు సున్నాలు. నిరుటి అరవై ముగ్గురిలో తక్కినవాళ్ళు ఎక్కడ అని గుమాస్తా అడిగితే, లేరన్నారు మునసబు గారు. గుమాస్తా ఏడాదిలో మంచి ఊరైపోయిందే అనుకుంటూ కాగితం మడిచి పెట్టెలో పెట్టాడు.

మొహిద్దీన్ లేచి నిలబడబోయాడు. వెంకటనరసమ్మ స్తంభం పట్టుకుని తనే లేచి వచ్చింది. ఆవిడ మొహంలో వెలుగుంది.

“ఒక్కళ్ళకి కూడా లేదా నాయనా?”

అతను పెట్టె గడియ వేయబోయాడు.

“నిరుడు అందరికీ ఉందన్నావు. నువ్వే గీశావు, నేనే పెట్టాను. ఇప్పుడు ఒక్కళ్ళకి కూడా లేదంటున్నావు. మీ సర్కారు కాగితంలో కూడా రాశారు.” ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది. “నా చెయ్యి పాపిష్టిదనుకున్నాను నాయనా ఏడాదిపాటు. పిల్లని నేనే చంపుకున్నాననుకున్నాను. దాని ఆయుష్షు అంతే కాబోలు. మిగతావాళ్ళందరికీ తగ్గింది కదా.”

“మామ్మగారూ, అది కాదండి. నా మాట వినండి. వాతలకి తగ్గదండి బల్ల. నేను…” అన్నాడు. ఆపైన ఏం చెప్పాలి? అబద్ధమాడానని చెబితే యాభై ఏడు పొట్టలూ మళ్ళీ ఆవిడ ఎదటికి వస్తాయి. చుట్టూ తల్లులు నిలబడి ఉన్నారు. సుందరమ్మ పిల్లాణ్ణి ఎత్తుకుని, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. మొహిద్దీన్ నోరు మూసుకున్నాడు. ఆవిడ అతని వేళ్ళు మళ్ళీ కళ్ళకద్దుకుని, కర్ర పోటేసుకుంటూ కమ్మరి ఇంటివైపు నడిచింది.

డాక్టరు గారి జ్వరం దిగేదాకా పడవ రెండు రోజులు పైడిలంక అవతల కాలువలో కట్టేసి ఉంది. ఆయన ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నారు. మొహిద్దీన్ ఆయన నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, జరిగిందంతా రెండుసార్లు చెప్పుకున్నాడు. ఆయన వినలేదు. మూడోనాడు కాస్త లేచి కూర్చుని, “పైడిలంక లెక్క బాగా వచ్చిందా?” అని అడిగారు. మొహిద్దీన్ ఏడ్చేశాడు. ఆయనకి అర్థం కాలేదు, నీరసంగా మళ్ళీ పడుకున్నారు. ఇక చేసేది లేక పడవని తరవాతి లంకకి పోనివ్వమన్నాడు గుమాస్తా.

అది పైడిలంక కంటే పెద్ద ఊరు, వంద గడప పైమాటే. ముందే కబురు పెట్టారు. అయినా రేవులో ఎవరూ లేరు. బడి పాకలో చాపలు పరిచి ఉన్నాయి, వాటి మీద ఒక్క పిల్లాడు లేడు. ముసలివాళ్ళిద్దరు మాత్రం గోడ నీడన కూర్చుని ఉన్నారు. పిల్లలేరని గుమాస్తా అడిగితే, తల్లులంతా తెల్లవారగానే దోనెలెక్కారని చెప్పారు.

అంతలో వెనకబడిన ఒక తల్లి మూడేళ్ళ పిల్లని భుజాన వేసుకుని రేవువైపు పరుగులాంటి నడకతో వస్తోంది. పిల్లకి జ్వరం, కళ్ళు తేలేసి ఉంది. రేవులో దోనె ఒక్కటీ మిగల్లేదు. ఆమె సర్వే పడవని చూసి ఆగింది.

“ఏవండీ, మీరు పైడిలంక మీదుగా వెళ్తారాండీ? కాస్త నన్ను దిగబెడతారా?”

“ఎందుకమ్మా?” అన్నాడు మొహిద్దీన్. ఎందుకో అతనికి తెలుసు.

“అక్కడొక పెద్దావిడ వాత పెడితే ఊరందరి పిల్లలకీ బల్ల కరిగిపోయిందంటండీ.”

“వెళ్ళొద్దమ్మా. ఎవరు చెప్పారో గాని అది నిజం కాదు. నా మాట వినండి, వాత పెట్టించకండి.” అతను చేతులు జోడించాడు. జీవితంలో ఎవరికీ అంతగా వంగి దణ్ణం పెట్టి ఉండడు.

ఆమె అతని మొహమూ, చేతిలోని పెట్టె కూడా చూసింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

“బల్ల కొలిచే సాయిబు గారు మీరే కదండీ?” అంది. “అందరికీ పోయిందని చెప్పింది మీరేనంట కదండీ?”